కర్రసాము దోచిన దర్పణం

రత్నశృంగ రాజ్యంలోని ఏడు మండలాల్లో అన్నిటికన్నా చిన్నది మేఘగిరి. అక్కడ పంటలు తక్కువ, కొండలు ఎక్కువ. అయినా దేశదేశాల జనం ఏ మండలానికీ రానంతగా మేఘగిరికి వస్తున్నారు. అదంతా మండలాధీశ్వరి విశాలాంబాదేవి చలవ. భర్త పోయాక పాలన చేతికి తీసుకున్న ఆ వృద్ధురాలు కొండదారులు వెడల్పు చేయించింది. ఆమడకొక సత్రం కట్టించింది. కూలిపోతున్న పాతకోటల్ని రాయి రాయి ఏరి మళ్లీ నిలబెట్టించింది. ఊరూరా గరిడీశాలలు తెరిపించి, మల్లులకూ కర్రసాము వాళ్లకూ పాలూ గోధుమలూ కోట నుంచే పంపించింది. ఏటా వసంతంలో పదిరోజుల ఉత్సవం జరిపి, ఆటలో గాని పాటలో గాని మేటి అనిపించుకున్నవాళ్ల చేతికి నిండుసభలో సింహపు తలలున్న బంగారు కడియం, సింహతలాటం, తొడిగేది.

నిరుడు ఆ తలాటం తొడిగించుకుని ఇంటికొచ్చిన ఉద్దండుడు, మర్నాడు పొద్దున శిష్యుల ముందు కర్ర పట్టుకుని నిలబడి, తరవాత ఏం చేయాలో తెలియక ఏడ్చాడు.

నలభై ఏళ్లు కర్ర తిప్పిన మనిషి ఆయన. ఆయన సాము చేస్తుండగా చుట్టూ నిలబడి చెంబులతో నీళ్లు చల్లినా ఒంటిమీద చుక్క పడేది కాదు. వైద్యులు వాతమన్నారు. మంత్రగాళ్లు గాలి సోకిందన్నారు. కూతురు గోమిని ఏదీ నమ్మలేదు. కోటలో ఏం జరిగిందని ఆమె నెలల తరబడి అడగ్గా అడగ్గా, ఒకనాడు ఆయన చెప్పాడు.

"సన్మానానికి ముందు ఒక గదిలో నాచేత సాము చేయించారమ్మా. ఎదురుగా అద్దం ఉంది. అంతవరకే గుర్తు."

ఈ ఏడు ఉత్సవాల నాలుగో రోజు ఉదయం, ఆ అద్దం కోసం గోమిని తరంగపురం కోటగుమ్మం ముందుకు వచ్చింది. కాని ఆమెను కన్నతండ్రి కూడా పోల్చుకోలేడు. తలకు నెమలికంఠం రంగు పాగా, మూతిమీద నూనూగు మీసం, భుజాన తోలుసంచి. ఆమె పక్కన పెద్దబొజ్జతో, పది వేళ్లకూ ఉంగరాలతో, నడిచే ప్రతి అడుక్కూ ఆయాసపడుతూ నీలద్వీపపు షావుకారొకడు నిలబడ్డాడు. ఆ బొజ్జ దూది. ఆ ఆయాసం నటన. అతను ఉద్దండుడి చిన్ననాటి స్నేహితుడు, పగటివేషాల సోమలింగం.

కావలిభటుడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఎవరయ్యా మీరు? ఏ దేశం?"

సోమలింగం కళ్లు పెద్దవి చేసి, గొంతులోంచి గులకరాళ్లు దొర్లినట్టు ఏదో భాష మాట్లాడాడు.

గోమిని మగగొంతు తెచ్చుకుంది. "మా షావుకారు గారిది నీలద్వీపం. నేను వారి మాట చెప్పేవాణ్ణి. దర్పణశాల చూడాలని మూడు సముద్రాలు దాటి వచ్చారు. ఎండలో నిలబెడితే వారికి కళ్లు తిరుగుతాయట."

షావుకారు వెంటనే తూలి భటుడి మీదికే ఒరిగాడు. ఆ బరువుకు బిక్కచచ్చిపోయిన భటుడు ఇద్దర్నీ లోపలికి నడిపించాడు.

"బాబాయ్, మరీ ఎక్కువ చేయకు," అంది గోమిని పెదవి కదపకుండా.

"ఎక్కువ చేస్తేనే నమ్ముతారు తల్లీ. ముప్ఫై ఏళ్ల అనుభవం," అన్నాడు సోమలింగం, ఆయాసం ఆపకుండానే.

దర్పణశాల కోటలో అన్నిటికన్నా పాత మండపం. నూరు నల్లరాతి స్తంభాలు; ఒక్కొక్క స్తంభం మీద ఒక్కొక్క లత, ఏ లతా మరో లతలా ఉండదు. పైకప్పు నిండా విచ్చిన తామర, దాని రేకుల సందుల్లోంచి పొద్దుటి ఎండ నేలమీద పసుపురంగు చారలుగా పడుతోంది. రెండు గోడల వెంబడీ వరసగా అరవై అద్దాలు, మనిషి రొమ్మంత వెడల్పువి, వెండి చట్రాల్లో బిగించి ఉన్నాయి. వాటి ముందు పరదేశుల గుంపులు గుసగుసలాడుకుంటూ కదులుతున్నాయి.

గోమిని మొదటి అద్దంలోకి చూసింది. అందులో ఆమె ముఖం కనబడలేదు. ఒక స్త్రీ నాట్యం చేస్తోంది. గజ్జెల చప్పుడు సన్నగా, దూరంగా వినిపిస్తోంది. రెండో అద్దంలో ఒకాయన డప్పు వాయిస్తున్నాడు. మూడో దాంట్లో ఒక మల్లుడు తొడ చరిచి వంగుతున్నాడు. ఆట అయిపోగానే మళ్లీ మొదటినుంచి అదే ఆట. చెమటచుక్క జారిన చోటే జారుతోంది.

"ఎంత బాగుందో," అంది పక్కన ఎవరో పరదేశి స్త్రీ. "ఇక్కడివాళ్లు ఎంత అదృష్టవంతులో."

పదిహేడో అద్దం దగ్గర గోమిని కాళ్లు ఆగిపోయాయి.

లోపల ఉద్దండుడు కర్ర తిప్పుతున్నాడు. ఎర్రంచు పంచె, నడుముకు బిగించిన పసుపు గుడ్డ, సవరించిన మీసం, అన్నీ నిరుడు ఇంటినుంచి బయల్దేరిన నాటివే. కర్ర ఆయన చుట్టూ వెలుగు చక్రంలా తిరుగుతోంది. ఆరో చుట్టు దగ్గర ఎడమ భుజం కొద్దిగా దించడం, వెనక్కి తిరిగేముందు నాలిక పంటికింద పెట్టుకోవడం, అంతా ఆయనే. ఏడాదిగా ఇంట్లో అరుగుమీద కూర్చుని చేతులు చూసుకుంటున్న మనిషి ఎవరు మరి? నాన్నా అని పిలవబోయింది. సోమలింగం ఆమె మోచేయి గట్టిగా నొక్కాడు.

"వాడే," అన్నాడు సోమలింగం తన సొంత గొంతుతో. "మన ఉద్దండుడు ఇక్కడున్నాడు. ఇంట్లో ఉన్నది ఒట్టి ఒళ్లు."

అంతలో గుంపు పక్కకు తప్పుకుంది. వెండివంటి జుట్టు, తెల్లపట్టుచీర, చేతిలో దంతపు కర్రతో విశాలాంబాదేవి వస్తోంది. ఆమె వెనక మండల కళాధ్యక్షుడు నిగూఢపాదుడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కాషాయమూ కాదు, ఎరుపూ కాదు, ఆరిపోయిన నిప్పు రంగు అంగరఖా నేలమీద జీరాడుతుంది. నడిస్తే అడుగుల చప్పుడు వినబడదు.

"నీలద్వీపం నుంచి వచ్చారటగా," అంది విశాలాంబ ఆప్యాయంగా. "అంత దూరంనుంచి మా కొండలకు రావడం మా భాగ్యం. సత్రంలో భోజనం సరిగా పెట్టారా?"

షావుకారు వంగి నమస్కరించి ఏదో గొణిగాడు. గోమిని గొంతు సర్దుకుంది. "అద్దాల సంగతి అడుగుతున్నారు అమ్మగారూ. ఇవి ఎలా వచ్చాయని."

విశాలాంబ ముఖం మెత్తబడింది. "నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక ముసలాయన నీళ్ల కుండల మీద పాట వాయించేవాడు నాయనా. వానొచ్చే ముందు మేఘం చేసే చప్పుడు కూడా పలికించేవాడు. ఆయన ఎవరికీ నేర్పలేదు. ఆయనతోనే పోయింది. ఈ వయసులోనూ ఆ పాట గుర్తు చేసుకోబోతాను, రాదు. నా పాలనలో ఇంకో విద్య అలా పోకూడదనుకున్నాను. దేవుడే ఈ నిగూఢపాదుణ్ణి పంపాడు. ఇక ఏ విద్యా చావదు."

ఆ మాటల్లో మోసం లేదు. అది గ్రహించేసరికి గోమినికి మరింత భయం వేసింది.

"ఈ అద్దాల్లో వాళ్లంతా ఇప్పుడెలా ఉన్నారని అడుగుతున్నారు," అంది.

"హాయిగా ఉన్నారు. ఇంటింటికీ ధాన్యం పంపుతున్నాం."

"ఇంకా ఆడుతున్నారా, పాడుతున్నారా అని."

విశాలాంబ సమాధానం కోసం వెనక్కి చూసింది. నిగూఢపాదుడు చిరునవ్వు నవ్వాడు. "విశ్రాంతి తీసుకుంటున్నారు తల్లీ. పెద్దవాళ్లు కదా." తరవాత అతను సోమలింగం వైపు తిరిగి, గులకరాళ్లు దొర్లే ఆ భాషకు ఏ పోలికా లేని మరో భాషలో, నీళ్లు జారినంత సాఫీగా ఒక మాట అడిగాడు.

సోమలింగం ఇంకాస్త గట్టిగా ఆయాసపడ్డాడు.

"నేను పుట్టింది నీలద్వీపంలోనే," అన్నాడు నిగూఢపాదుడు తెలుగులో. "మీరు మాట్లాడేది మా భాష కాదు. కాని మా షావుకార్ల ఆయాసం, ఆ బొజ్జ మోసుకునే తీరు, ఉంగరాల వేళ్లు విడిగా పెట్టడం, మావాళ్లు కూడా ఇంత బాగా చేయలేరు. అమ్మా, మీ ఎదుట ఉన్నది షావుకారు కాదు. గొప్ప పగటివేషగాడు."

గోమిని చేయి సంచిలోని చాకు మీదికి వెళ్లింది. భటుల బల్లేలు ఇటు తిరిగాయి. విశాలాంబ మాత్రం కోప్పడలేదు. ఆమె కళ్లు వెలిగిపోయాయి.

"వేషం కట్టేవాళ్లు మా మండలంలో మిగల్లేదనుకున్నాను," అంది. "ఈ ఏటి తలాటం నీకే నాయనా."

"ముందు అద్దం," అన్నాడు నిగూఢపాదుడు. అతను సైగ చేయగానే ఇద్దరు పరిచారకులు పట్టుగుడ్డ కప్పిన కొత్త అద్దం తెచ్చి స్తంభానికి ఆనించారు.

సోమలింగం తల వంచి గోమిని చెవి దగ్గర అన్నాడు. "ఈవిడ చెడ్డది కాదు. చెబితే నమ్మదు. కళ్లతో చూస్తే నమ్ముతుంది. చూపిద్దాం."

"వద్దు బాబాయ్. నాన్నలా అయిపోతావు."

"మీ నాన్న తెలియక పోగొట్టుకున్నాడు. నేను తెలిసి ఇస్తున్నాను. ఆ తేడా ఉంది కదమ్మా." ఆమె పట్టుకునే లోపే అతను అద్దం ముందుకు నడిచాడు. దూదిబొజ్జ, ఉంగరాలు ఊడదీసి అవతల పారేశాడు.

ఏ రంగూ లేకుండా, ఏ నగా లేకుండా సోమలింగం ఆడాడు. నడుం వంచాడు, పళ్లూడిన ముసలమ్మ వచ్చి మండపంలో నిలబడి కోడల్ని తిట్టింది. నడుం ఎత్తాడు, యుద్ధంలో కన్నుపోయిన దళపతి వచ్చాడు. నెలలు నిండిన ఇల్లాలు వచ్చి కడవ దించింది. పెళ్లిలో అలిగిన వియ్యంకుడు వచ్చాడు. పరదేశులు నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. పట్టుగుడ్డ ఎప్పుడు జారిందో ఎవరూ గమనించలేదు. గోమిని ఒక్కతే అద్దాన్ని చూస్తోంది. అది మొదట బూడిదరంగులో ఉంది. ముసలమ్మతో కాస్త వెలిగింది. వియ్యంకుడు వచ్చేసరికి చెరువులా తళతళలాడింది.

ఆట ముగిసింది. విశాలాంబ చప్పట్లు కొట్టి, సొంత మేనత్తను చూసినట్టుందని మురిసిపోయింది. "ఆ ముసలమ్మను ఇంకొక్కసారి తీసుకురా నాయనా."

సోమలింగం ఆమె వంక మర్యాదగా చూశాడు. "ఏ ముసలమ్మండీ?"

"ఇప్పుడు వచ్చింది కదా. కోడల్ని తిట్టిన ఆవిడ."

సోమలింగం నడుం వంచాలని చూశాడు. వంగింది నడుమే, ముసలమ్మ రాలేదు. అతను తన రెండు చేతులూ పైకెత్తి, ఎవరివో తెచ్చి తగిలించినట్టు వాటిని చూసుకున్నాడు. అతని వెనక అద్దంలో ముసలమ్మ చేతులు తిప్పుతూ తిడుతోంది.

విశాలాంబ చేతిలోని దంతపు కర్ర జారి రాతిమీద పడింది.

"ఈయనకేమైంది?" అంది.

గోమిని పాగా విప్పేసింది. జుట్టు భుజాలమీద పడింది. మీసం లాగి పారేసింది. "మా నాన్నకు అయిందే అయింది అమ్మగారూ. పదిహేడో అద్దంలో ఉన్నది మా నాన్న. ఇంట్లో ఆయన తువ్వాలు కూడా తిప్పలేడు. మీరు ధాన్యం పంపిన అరవై ఇళ్లల్లోనూ ఇంతే. ఏ ఒక్క ఇంటికైనా మీరు వెళ్లి చూశారా?"

విశాలాంబ మెల్లగా నిగూఢపాదుడి వైపు తిరిగింది. అబద్ధమని చెప్పమన్నట్టు చూసింది.

అతను చెప్పలేదు. "మీరు విద్య చావకూడదన్నారు," అన్నాడు నెమ్మదిగా. "చావలేదు. మీరే పాలుపోసి పెంచారు, గరిడీశాలలు కట్టి ఏపుగా చేశారు, పండినవాణ్ణి పండినట్టు నా దగ్గరకు పంపారు. పదేళ్లు తిరిగినా నేనొక్కణ్ణీ ఇంత పోగుచేయలేను. మధ్యాహ్నానికి మహారాజు పల్లకి ఈ కోటకు వస్తోంది. అంగరక్షకులు నలభైమంది. నాకు వీళ్లు చాలు."

అతను అరచేయి గోడకు ఆనించాడు. గోడల్లోని రాతిపలకలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. ఒక్కొక్క అద్దం వెనకా చీకటి గూడు, గూట్లో ఇనుప మనిషి. ముఖం ఉండాల్సినచోట నున్నటి రేకు. రొమ్ములో ఖాళీ గుంట. అద్దాలు చట్రాలనుంచి తమంతట తామే జారి ఆ గుంటల్లో అమరాయి. ఇనుము నిట్టూర్చింది. నాట్యకత్తె అద్దం తొడుక్కున్న ఇనుపబొమ్మ గజ్జెలు లేని పాదాలతో నేలమీదికి దిగి, భటుల బల్లేల మధ్యనుంచి ఒక్క మొన కూడా తగలకుండా జారిపోయింది. మల్లుడి బొమ్మ ఇద్దరు భటుల్ని నడుములు పట్టి ఎత్తి స్తంభానికేసి కొట్టింది.

పరదేశులు అరుస్తూ గుమ్మం వైపు పరుగెత్తారు. గోమిని సోమలింగాన్ని స్తంభం చాటుకు నెట్టి, పడిపోయిన భటుడి బల్లెం అందుకుంది. మొన విరగ్గొట్టి పారేసింది. మిగిలింది ఆరడుగుల కర్ర.

"కోట తలుపులు మూయించండి," అని అరిచింది విశాలాంబతో. "రాజుగారి పల్లకి దారిలోనే ఆపించండి. వెళ్లండి."

మండలాధీశ్వరి అరవై అయిదేళ్ల వయసు మరిచి, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. ఆమె వెనక కదలబోయిన ఇనుపమనిషికి గోమిని అడ్డంగా నిలబడింది. అప్పుడే దాని రొమ్ములోకి చూసింది. ఎర్రంచు పంచె, పసుపు నడికట్టు.

ఇనుపమనిషి గూట్లోంచి తెచ్చుకున్న కర్రను ఎత్తింది. ఆరో చుట్టులో ఎడమ భుజం కొద్దిగా దించింది.

తండ్రితో ఆమె వేలసార్లు సాము చేసింది. ఎప్పుడూ ఆయన కర్ర వెంట్రుకవాసిలో ఆగేది. ఇది ఆగలేదు. మొదటి దెబ్బ భుజానికి తగిలి కళ్లముందు చీకట్లు కమ్మాయి. రెండో దెబ్బను ఆమె కర్రతో అడ్డింది. అడ్డుతుందని దానికి ముందే తెలుసు, కింది కొస తిరిగివచ్చి మోకాలు వెనక తగిలింది. ఆమె దొర్లింది, లేచింది, తండ్రి నేర్పిన పాముచుట్టు వేసింది. అది అంతకన్నా అందంగా పాముచుట్టు విప్పింది. ఆమెకు తెలిసిన ప్రతి దెబ్బకూ అది పుట్టిల్లు. స్తంభం నుంచి స్తంభానికి వెనక్కి జరుగుతూ, రాతిలతలు తునాతునకలై ముఖాన పడుతుంటే, ఆమె నేర్చిందంతా ఒక్కొక్కటిగా విప్పింది. ఇంతకుముందు ఎన్నడూ అంత బాగా ఆడలేదు. అయినా చాలలేదు.

వీపు గోడకు తగిలింది. ఇక జరగడానికి చోటు లేదు.

ఈ ఏడాదంతా ఆమె రోజూ పొద్దున్నే తండ్రి చేతికి కర్ర ఇచ్చి తిప్పించేది. ఆయన చంటిపిల్లవాడిలా ఎటుపడితే అటు విసిరేవాడు. ఒకనాడు ఆ వెర్రి విసురు, కర్ర రావడానికి వీల్లేని వైపునుంచి వచ్చి ఆమె చెవిమీద తగిలింది. ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు, ఏడాది మొత్తంలో ఆ ఒక్కసారే. ఆ దెబ్బకు పేరు లేదు. దాన్ని ఏ గరిడీలోనూ నేర్పరు. ఆయన సాము ఈ అద్దంలోకి పోయాక పుట్టిన దెబ్బ అది.

గోమిని కాళ్ల పొందిక వదిలేసింది. కళ్లు మూసుకుని, మోచెయ్యి అడ్డదిడ్డంగా మడిచి, తండ్రి విసిరినట్టే విసిరింది.

ఇనుపమనిషి అడ్డుకోలేకపోయింది. కర్ర దాని కంఠం కింద తగిలి తల వెనక్కి వాలింది. రెండో విసురు సరిగ్గా అద్దం మీదికి వెళ్తోంది. చివరి క్షణంలో గోమిని మణికట్టు బిగించి కర్రను ఆపేసింది. అద్దం పగిలితే అందులో ఉన్న నలభై ఏళ్లూ పగిలిపోతాయి. ఆమె కర్ర కొసను రొమ్ముగుంట అంచు సందున దూర్చి బలంకొద్దీ ఎగదన్నింది. అద్దం ఊడి ఆమె ఒళ్లో పడింది. ఇనుపమనిషి బోర్లా కూలి, మళ్లీ కదల్లేదు.

ఆమె అద్దాన్ని గుండెకు హత్తుకుంది. చేతిలో పసిపిల్ల ఉన్నంత వెచ్చగా ఉంది. బయట ఎక్కడో కోట తలుపులు మూసుకుంటున్న చప్పుడు, దేవిగారి గొంతు వినిపించాయి. రాజుగారికి కాస్త వ్యవధి చిక్కినట్టే.

మండపం రెండో కొసన ఇనుపసేనను బారులు తీర్పిస్తున్న నిగూఢపాదుడు వెనక్కి తిరిగి చూశాడు. అతని ముఖంలో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది.

"ఒక్క దర్పణంలో ఇద్దరు పడతారని నాకే తెలియదు," అన్నాడు.

గోమినికి ఆ మాట అర్థం కాలేదు. అద్దాన్ని ఎండచారలోకి తిప్పి చూసింది. ఉద్దండుడు కర్ర తిప్పుతున్నాడు. ఆయనకు ఎదురుగా, జుట్టు విరబోసుకుని, మగవేషంలో ఉన్న ఒక పడుచు పాముచుట్టు వేస్తోంది. మోకాలి వెనక దెబ్బ తగిలి, లేచి, ఇంకా బాగా వేస్తోంది.

నిగూఢపాదుడు వేలు చూపించాడు. మల్లుడి బొమ్మ నేల అదిరేలా అడుగులు వేస్తూ ఆమె మీదికి బయల్దేరింది. స్తంభం చాటునుంచి సోమలింగం కేక వేశాడు. "కర్ర తీసుకో తల్లీ, కర్ర."

గోమిని వంగి కర్ర తీసుకుంది. అది ఆమె అనుకున్నదానికన్నా చాలా బరువుగా, చాలా పొడుగ్గా ఉంది. దాన్ని ఏ కొసన పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.